నాణెములకు శాస్త్రము కల్పించిన ఎఖెల్ పండితుడు

క్రీస్తుశకము 69వ సంవత్సరమున రోము నగరమునందు ఒథో అనునాతడు చక్రవర్తి యయ్యెను. జనవరి 15వ తేదీన అధికారమునకు వచ్చిన ఆతడు, యుద్ధమున ఓడి, ఏప్రిల్ 16వ తేదీన తన ప్రాణమును తానే తీసికొనెను. ఆ మూడునెలల పాలనలో ఆతని పేర బంగారు నాణెములును వెండి నాణెములును రోము టంకశాలనుండి వెలువడెను. కాని కంచు నాణెములు మాత్రము ఆ టంకశాలయందు ముద్రితములు కాలేదు. సిరియాదేశమందలి అంటియోకు మొదలైన తూర్పు పట్టణములలో కొట్టిన కొన్ని కంచు నాణెములు తప్ప ఆతనివి వేరు లేవు.

ఈ చిన్న లోపము తరువాతి కాలపు ఐరోపా సంపన్నులకు పెద్ద వ్యథగా పరిణమించెను. చక్రవర్తుల ముఖములను వరుసగా కంచులో కూర్చుకొని తమ మందిరములందు అలంకరించుకొను ప్రభువులకు, ఆ వరుసలో ఒథో స్థానము శూన్యముగా నుండుట సహింపరానిదయ్యెను. ఎంత వెలయైనను ఇచ్చుటకు కొనువాడు సిద్ధముగా నున్నప్పుడు అమ్మువాడు పుట్టకపోడు గదా. నేర్పరులైన చెక్కడపు పనివారు వేరొక చక్రవర్తి నాణెమును తీసికొని, జుట్టును సవరించి, ముక్కును మార్చి, అక్షరములను గీకి, ఒథోను సృష్టించిరి. కొనినవాడు సంతసించెను. కాని చరిత్రకు ద్రోహము జరిగెను. ఏలయన, అట్టి నాణెమును నమ్మిన చరిత్రకారుడు, రోములో నెన్నడును జరుగని యొక ముద్రణమును జరిగినదిగా వ్రాయును. ఆతని గ్రంథమును చదివిన వేరొకడు దానిపై మరియొక ఊహను నిలుపును. వేలెడంత లోహపు బిళ్ళ వేయిపుటల అసత్యమునకు పునాది కాగలదు.

ఈ అసత్యపు పునాదులను పరీక్షించి, ప్రాచీన నాణెముల పరిశీలనమును వినోదపు స్థితినుండి శాస్త్రపు స్థితికి తెచ్చిన మహనీయుడు యోజెఫ్ హిలారియస్ ఎఖెల్. ఆయన రాజు కాడు, సేనాని కాడు, సంపన్నుడు కాడు. బ్రతుకంతయు చదువు చెప్పుటలోను, చదువుకొనుటలోను గడపిన యొక ఉపాధ్యాయుడు.

ఎఖెల్ 1737వ సంవత్సరము జనవరి 13వ తేదీన ఆస్ట్రియాదేశమున, వియన్నా నగరమునకు దక్షిణముననున్న ఎంజెస్‌ఫెల్డ్ అను గ్రామమునందు జన్మించెను. ఆయన తండ్రి యొక ప్రభువు వద్ద జమీ వ్యవహారములు చూచు ఉద్యోగి. బాలుడు వియన్నాలోని జెస్యూట్ మతగురువుల విద్యాలయమున చేరెను. యేసుసభ యని కూడ పిలువబడు ఆ సంఘము నాటి ఐరోపాలో విద్యాదానమునకు పెట్టినది పేరు. లాటిను, గ్రీకు భాషలను అచ్చటివలె బోధించు తావులు అరుదు. 1751లో, పదునాలుగేండ్ల ప్రాయమున, ఎఖెల్ ఆ సంఘమునందే సభ్యుడుగా చేరెను. అది యొక చిన్నవాడు తన జీవితమును సంపూర్ణముగా అర్పించివేయుట. ఇల్లు, ఆస్తి, సంసారము అనువానినన్నిటిని విడిచి, సంఘము ఎచ్చటకు పంపిన నచ్చటకు పోవుటయే వారి నియమము.

సంఘము ఆయనను పాఠశాలలకు పంపెను. ష్టైర్ మొదలైన పట్టణములందును, పిమ్మట వియన్నాలోను ఆయన కావ్యములను, అలంకారశాస్త్రమును బోధించెను. ప్రాచీన కవుల కావ్యములను పాఠముగా చెప్పువానికి ఒక ఇబ్బంది యెదురగును. కావ్యమున వచ్చు దేవాలయ మెట్టిది? యజ్ఞపాత్ర యెట్లుండును? విజయయాత్రలో రథముపై నిలుచున్న సేనాని వేషమెట్టిది? మాటలతో ఎంత చెప్పినను విద్యార్థికి రూపము గోచరింపదు. వీనినన్నిటిని కన్నులకు కట్టించునవి నాణెములు. వానిపై దేవాలయములు, పాత్రలు, రథములు, దేవతలు, పౌరుల వేషములు, అన్నియు నాటి శిల్పులు చెక్కినట్లే నిలిచియున్నవి. కావ్యమును బోధించు ఉపాధ్యాయుడు నాణెములవైపు ఆకర్షితుడగుట సహజమే. ఆయన యోసెఫ్ ఖెల్ అను వృద్ధ జెస్యూట్ పండితుని వద్ద ఈ విద్యలో శిక్షణ పొందెను. 1772లో జెస్యూట్ కళాశాలయందలి నాణెముల సంగ్రహమునకు ఎఖెల్ పాలకుడయ్యెను.

ఆ విద్య నాడు ఎట్టి స్థితిలో నుండెనో తెలిసికొన్నగాని ఆయన కృషి విలువ బోధపడదు. ఇటలీలో ప్రాచీనవిద్యలకు పునర్జీవము కలిగిన నాటినుండి ప్రభువులు, మతాచార్యులు, వర్తకులు పోటీపడి నాణెములను సేకరించిరి. ప్రాణమునకు తెగించి సేకరించిన వారును కలరు. ఫ్రాన్సు దేశపు పండితుడగు వైలాన్ సముద్రయానమున దొంగల యోడ వెంటబడగా, తన యొద్దనున్న బంగారు నాణెములను మ్రింగివైచి కాపాడుకొనెనని ప్రసిద్ధి. ఇట్టి అభిలాష నిర్మలమైనదే. కాని అభిలాష వివేకమును మించినప్పుడు మోసమునకు ద్వారము తెరచికొనును.

మోసము రెండు విధముల నడచెను. మొదటిది శిల్పుల వలన కలిగినది. 16వ శతాబ్దమున పాదువా నగరమందు జొవాన్ని కవీనో అను శిల్పి యుండెను. ఆతడు రోమను చక్రవర్తుల పెద్ద కంచు నాణెములను పోలిన బిళ్ళలను అచ్చులు చెక్కి కొట్టెను. ఆ పనితనము మూలమును మించినదని మెచ్చినవారు కలరు. ఆతని యుద్దేశ మేమైనను, చేతులు మారిన కొలది అవి ప్రాచీన నాణెములుగా చెలామణి యయ్యెను. రెండవది పండితుల వలన కలిగినది. అదే శతాబ్దమున హ్యూబర్ట్ గోల్ట్‌జియస్ అనునాతడు గొప్ప గొప్ప గ్రంథములలో నాణెముల బొమ్మలను ప్రకటించెను. వానిలో కొన్ని ఏ సంగ్రహమునందును కనబడవు. పుస్తకమున నున్న నాణెము లోకమున లేదు! అయినను అచ్చులో పడినదానియందు జనులకు గల నమ్మకమువలన, తరతరముల చరిత్రకారులు వానిని సాక్ష్యములుగా చూపుచు వచ్చిరి. లోహమున జరిగిన మోసమును కంసాలి యైనను పట్టగలడు. కాగితముపై జరిగిన మోసమును పట్టుటకు పండితుడే కావలెను.

1772లో ఎఖెల్ ఇటలీకి ప్రయాణమయ్యెను. బొలోన్యా, రోము, ఫ్లారెన్సు మొదలైన పట్టణములందలి సంగ్రహములను స్వయముగా చూచుట ఆయన సంకల్పము. పుస్తకములలోని బొమ్మలను నమ్మక, నాణెమును చేతబట్టి చూచుటయే ఆయన జీవితసూత్రమైనది. ఫ్లారెన్సు నగరమున టస్కనీ దేశాధిపతి లియోపోల్డు, ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా కుమారుడు. మెడీచీ వంశమువారు తరతరములుగా కూర్చిన నాణెముల నిధి ఆయన అధీనమున నుండెను. దానిని క్రమపరచు బాధ్యతను లియోపోల్డు ఈ జెస్యూట్ ఉపాధ్యాయునకు అప్పగించెను.

ఆయన ఇటలీకి వచ్చిన మరుసటి యేడే పిడుగువంటి వార్త వెలువడెను. 1773 జూలై 21వ తేదీన పోపు పదునాలుగవ క్లెమెంటు యేసుసభను రద్దుచేయుచు శాసనమిచ్చెను. పదునాలుగవయేట ఏ సంఘమునకు తన సర్వస్వమును అర్పించెనో, ఏ సంఘము తనకు ఇల్లును, అన్నమును, పనిని ఇచ్చెనో, ఆ సంఘము ముప్పదియారవయేట ఆయనకు లేకుండ పోయెను. వేలకొలది జెస్యూట్ ఉపాధ్యాయులు ఒక్కసారిగా నిరాశ్రయులైరి. ఎఖెల్‌కు మిగిలినది ఆయన నేర్చిన విద్య యొక్కటే. ఆ విద్యయే ఆయనను నిలబెట్టెను.

లియోపోల్డు ఆదరమును, ఫ్లారెన్సులో చేసిన పనియొక్క గుణమును ఆయనకు సిఫారసులయ్యెను. 1774లో మరియా థెరీసా ఆయనను వియన్నా రాజసంగ్రహమున ప్రాచీన నాణెముల విభాగమునకు అధికారిగా నియమించెను. విశ్వవిద్యాలయమున ప్రాచీనవస్తుశాస్త్రమునకు ఆచార్య పదవియు లభించెను. సుమారు ఇరువదినాలుగు సంవత్సరములు, అనగా మరణపర్యంతము, ఆయన ఈ రెండు కార్యములను నిర్వహించెను. పగలు నాణెముల పెట్టెలు, బోధనపీఠము. తక్కిన వేళల గ్రంథరచన. ఇదియే ఆయన దినచర్య, ఇదియే ఆయన సంసారము.

ఆ రాజసంగ్రహమును గూర్చి ఒక ముచ్చట చెప్పదగినది. మరియా థెరీసా భర్త, చక్రవర్తి ఫ్రాన్సిసు, నాణెములయందు మిక్కిలి ప్రీతి గలవాడు. ఆయన సంగ్రహమునకు వాలెంటిన్ దువాల్ అను వృద్ధుడు పెద్దగా నుండెను. ఈ దువాల్ బాల్యమున పసులను కాచిన నిరుపేద. చెట్లక్రింద కూర్చుండి తనంత తాను చదువుకొని, దేశపటములను పరిశీలించుచు ప్రభువుల కంటబడి, చివరకు చక్రవర్తి ఆస్థానమున విద్వాంసుడైనవాడు. 1775లో ఆయన కాలధర్మము చెందెను. పసులకాపరియైన దువాల్, జమీ ఉద్యోగి కుమారుడైన ఎఖెల్, ఒకరివెంట నొకరు సామ్రాజ్యపు నాణెములకు కావలియుండుట విద్యామహిమకు నిదర్శనము.

ఎఖెల్ చేపట్టిన మొదటి కార్యము క్రమపరచుట. అంతకు పూర్వము చాల చోట్ల నాణెములను లోహమునుబట్టియు, పరిమాణమునుబట్టియు పేర్చెడివారు. బంగారమంతయు ఒక పెట్టెలో, వెండి యంతయు ఒక పెట్టెలో. పెద్దవి ముందు, చిన్నవి వెనుక. లేదా పేర్ల అక్షరక్రమమున. చూచుటకు సొంపుగా నుండును గాని, ఒక నగరము ఒక కాలమున కొట్టిన మూడు నాణెములు మూడు గదులలో పడి, ఒకదానికొకటి సాక్ష్యము చెప్పజాలకపోవును. ఫ్రాన్సు దేశమున యోజెఫ్ పెల్లరిన్ అను నౌకాశాఖాధికారి ఉద్యోగము మానినపిదప ముప్పదివేలకు పైగా నాణెములను సేకరించి, గ్రీకు నగరముల నాణెములను దేశక్రమమున పేర్చి ప్రకటించెను. ఆ పద్ధతిలోని సత్యమును ఎఖెల్ గ్రహించెను. దానిని ఆయన సంపూర్ణము గావించెను. మధ్యధరా సముద్రమునకు పడమటి కొననున్న స్పెయిను దేశముతో మొదలిడి, తీరమువెంట తూర్పునకు సాగుచు, ఒక్కొక్క దేశము, అందు ఒక్కొక్క నగరము, నగరమునందు కాలక్రమము. రోమను నాణెములలో ప్రజాప్రభుత్వకాలపు వానిని వంశముల పేర్లనుబట్టి, చక్రవర్తుల వానిని పాలనక్రమమునుబట్టి పేర్చెను. ఈ పద్ధతిలో 1779లో వియన్నా సంగ్రహపు పట్టికను రెండు సంపుటములుగా ప్రకటించెను. నేటికిని ప్రపంచమందలి గ్రీకు నాణెముల పట్టికలు సామాన్యముగా ఆ పడమటినుండి తూర్పు దారినే నడచుచున్నవి.

క్రమమునకును సత్యనిర్ణయమునకును సంబంధమేమని విద్యార్థులు అడుగవచ్చును. సంబంధము చాల గలదు. ఒక వీధిలోని ఇండ్లన్నిటిని ఎరిగినవానికి ఆ వీధిలోనికి వచ్చిన క్రొత్తవాడు వెంటనే తెలియును. ఒక టంకశాల నాణెములన్నియు ఒక్కచోట నున్నప్పుడు వాని అక్షరముల తీరు, బిళ్ళ మందము, బరువు, ముఖశిల్పము కంటికి అలవడును. ఆ వరుసలో అతుకనిది దానంతట అదే బయటపడును. తప్పుడు నాణెమును ఒంటరిగా చూచి పట్టుట కష్టము. చుట్టములమధ్య నిలిపి పట్టుట సులభము.

అసలు నాణెమును గుర్తించు మార్గములను ఆ శాస్త్రజ్ఞులు రెండు మెట్లుగా నిరూపించిరి. మొదటి మెట్టు లోహపరీక్ష. రోమను టంకశాలలో కాచిన బిళ్ళను రెండు అచ్చులనడుమ నుంచి సుత్తితో కొట్టెడివారు. ఆ దెబ్బకు లోహము వెలుపలకు పారును. అక్షరముల అంచులు పదునుగా లేచును. మోసగాడు నాణెమును మట్టిలో అద్ది మూస చేసి పోతపోసినచో, ఉపరితలమున సూక్ష్మమైన గాలిబుడగల గుంటలు మిగులును, అక్షరములు మొద్దుబారును, అంచున రెండు మూసలు కలిసిన గీత కనబడును. ఆ గీతను ఆకురాతితో రాచినచో రాపిడి జాడ మిగులును. పాత నాణెమును చెక్కి మార్చినచో, అక్షరముల చుట్టును నేల పల్లమగును. కంచుపై తరతరములుగా పేరుకొన్న చిలుము ఆ తావున తెగిపోవును. రాగి బిళ్ళకు వెండి రేకు తొడిగిన నాణెములును గలవు. అవి పెక్కింటిలో ప్రాచీనకాలపు దొంగల పనియే. కనుక అవి చెల్లని నాణెములైనను చరిత్రకు చెల్లుబాటగు సాక్ష్యములే.

రెండవ మెట్టు విద్యాపరీక్ష. దీనిలోనే ఎఖెల్ తన కాలమువారినందరిని మించెను. రోమను చక్రవర్తి నాణెముపై ఆతని బిరుదులు, కాన్సల్ పదవుల సంఖ్య, ప్రజాప్రతినిధి అధికారము పొందిన సంవత్సరముల సంఖ్య సంక్షేపాక్షరములలో నుండును. ఇవి ఇష్టము వచ్చినట్లు కూర్పదగినవి కావు. ఒక దృష్టాంతము: ట్రాజను చక్రవర్తి 103లో ఐదవసారి, 112లో ఆరవసారి కాన్సల్ అయ్యెను. డేసియాదేశ విజేత యను బిరుదు 102లోను, పార్థియాదేశ విజేత యను బిరుదు 116లోను ఆయనకు కలిగెను. కావున ఐదవ కాన్సల్ పదవిని, పార్థియా విజయమును ఒక్క చోట చెప్పు నాణెము ఎంత అందముగా నున్నను దాని మాట దానికే పొసగదు. అది మోసమైనను కావలెను, లేక టంకశాలలో రెండు కాలముల మాటలో అచ్చులో తారుమారైనను కావలెను. బంగారమును ఒరగల్లు పరీక్షించును. నాణెమును పంచాంగము పరీక్షించును. ఎఖెల్ ఈ బిరుదుల కాలక్రమమును, పదవుల అర్థమును, శాసనములతోను ప్రాచీన చరిత్రకారుల గ్రంథములతోను సరిచూచి నిర్ణయించెను.

ఆయన వివేకము ఖండనమునందే కాదు, రక్షణమునందును ప్రకటమయ్యెను. మోసమునకు భయపడినవాడు అరుదైన ప్రతిదానిని మోసమనును; ఇదియు ఒక విధమైన అజ్ఞానమే. ట్రాజను కాలముననే ప్రజాప్రభుత్వకాలపు ప్రాచీన వెండి నాణెములను పోలిన నాణెములు, తాను పునరుద్ధరించితినను లేఖనముతో, మరల ముద్రింపబడెను. వందల యేండ్లనాటి బొమ్మ యొక వైపున, ట్రాజను పేరు దానిచెంత! తొందరపాటువాడు దీనిని రెండు కాలములను కలిపిన మోసమని త్రోసివేయును. కాని అవి నిక్కమైన రోమను నాణెములు. విచిత్రమైనదంతయు అసత్యము కాదు, అందమైనదంతయు సత్యము కాదు. ఈ రెండు తప్పులకును నడుమ నడచుట కత్తియంచుపై నడచుటవంటిది.

గోల్ట్‌జియస్ గ్రంథముల విషయమున ఎఖెల్ నిర్మొగమాటముగా వ్యవహరించెను. ఆ పుస్తకములయందు మాత్రమే కనబడి, ఎవరి కన్నులకును చిక్కని నాణెములను ఆయన సాక్ష్యములుగా స్వీకరింపలేదు. రెండువందల యేండ్ల గౌరవము గల పేరునకు ఎదురు నిలుచుట సామాన్యము కాదు. రాజాశ్రయమున నున్నవానికి మరియొక చిక్కును గలదు. ప్రభువు పెట్టెలోని నాణెము మంచిది కాదని చెప్పుట ఉద్యోగికి లాభము చేకూర్చునది కాదు. విద్య ఒకవైపు, వినయము ఒకవైపు లాగుచుండగా విద్యవైపు నిలిచినవాడే శాస్త్రకారుడగును.

ఇంతటి పండితుడు విద్యార్థులను మరువలేదు. 1787లో ప్రాచీన నాణెశాస్త్రమునకు ప్రవేశికగా ఒక చిన్న పుస్తకమును జర్మను భాషలో రచించెను. పండితులకొరకు వ్రాసిన గ్రంథములు లాటిను భాషలో నుండగా, మొదటి పాఠము చదువు పిల్లవానికి ఆ భాష అడ్డము కాకూడదని ఆయన తలంపు కాబోలు. పాఠశాలలో పాఠములు చెప్పిన చేతులు గనుక, ఎచ్చట మొదలు పెట్టవలెనో ఆయనకు తెలియును.

కాలము మారుచుండెను. 1780లో మరియా థెరీసా మరణించెను. ఆమె కుమారుడు రెండవ యోసెఫ్ 1790 వరకు పాలించెను. పిమ్మట ఎఖెల్ పూర్వపోషకుడగు లియోపోల్డే చక్రవర్తి యయ్యెను గాని రెండేండ్లైనను నిండకమునుపే, 1792లో గతించెను. ఫ్రాన్సులో విప్లవము చెలరేగెను. రాజు తల తెగెను. యుద్ధములు ఆస్ట్రియా సరిహద్దులను తాకెను. ఈ కల్లోలమునందే, 1792లో, ఎఖెల్ తన జీవితసారమైన గ్రంథపు మొదటి సంపుటమును వెలువరించెను. దానిపేరు డోక్ట్రీనా నుమోరుమ్ వెతెరుమ్, అనగా ప్రాచీన నాణెముల శాస్త్రము. ఎనిమిది సంపుటముల ఆ మహాగ్రంథమున మొదటి నాలుగు గ్రీకు నగరముల, జాతుల, రాజుల నాణెములకును, తక్కిన నాలుగు రోమను నాణెములకును కేటాయింపబడెను. ఒక్క నాణెమును వదలక లెక్కించుట ఆయన ఉద్దేశము కాదు. ఏది నమ్మదగినది, ఏది కాదు, ఎందువలన, అను విచారణయే దానికి ప్రాణము. తెలియనిచోట తెలియదని చెప్పుటకు ఆయన వెనుదీయలేదు. మొదటి సంపుటపు ఉపోద్ఘాతమున నాణెముల లోహము, బరువు, ముద్రణవిధానము, మోసములు అను విషయములన్నియు చర్చింపబడెను.

ఆరు సంవత్సరములలో ఎనిమిది పెద్ద సంపుటములు! దాని వెనుక ఇరువది యేండ్లకు పైబడిన పరిశ్రమ యున్నది. చివరి సంపుటము 1798లో వెలువడెను. ఆ యేడే, మే 16వ తేదీన, అరువదియొకటవ యేట ఎఖెల్ వియన్నాలో తనువు చాలించెను. చేపట్టిన పని ముగిసినది, చేసినవాని ఆయువును ముగిసినది. ఆయన కాగితములలో మిగిలిన సవరణలను, చేర్పులను 1826లో అనుబంధముగా ప్రకటించిరి.

ఆ 1826వ సంవత్సరమే మరియొక విశేషమునకు సాక్షి. జర్మనీలో కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ అను చతురుడు గ్రీకు, రోమను నాణెముల అచ్చులను మూడువందలకు పైగా స్వయముగా చెక్కి, పోత కాక నిక్కముగా సుత్తితో కొట్టి నాణెములను తయారుచేసెను. వానిని ఇనుపరజను నిండిన పెట్టెలో నుంచి బండికి కట్టి, కుదుపులలో వాని క్రొత్తదనము పోవునట్లు త్రిప్పెడివాడట. లోహపరీక్షకు చిక్కని ఈ మోసమును ఇటలీ పండితుడు సెస్తీని 1826లో గ్రంథరూపమున బట్టబయలు చేసెను. లోహము మోసగించినప్పుడు విద్యయే రక్షించునను మాట ఇట్లు రుజువయ్యెను. 1860లో రోమను నాణెవ్యవస్థ చరిత్రను రచించిన థియోడోర్ మొమ్‌సెన్ వంటి మహాపండితులు ఎఖెల్ వేసిన పునాదిమీదనే భవనములు కట్టిరి.

అయినను ఈ శాస్త్రమున ఆఖరిమాట యనునది లేదు. 1713లో ట్రాన్సిల్వేనియా ప్రాంతమున దొరకెనని చెప్పబడు కొన్ని విచిత్రమైన బంగారు నాణెములు వియన్నా రాజసంగ్రహమునకు చేరెను. వానిలో కొన్నింటిపై స్పాన్సియానస్ అను చక్రవర్తి పేరున్నది. అట్టి చక్రవర్తిని ప్రాచీన చరిత్రకారు లెవ్వరును పేర్కొనలేదు. అవి కొట్టినవి కాక పోతపోసినవి. వెనుకవైపు బొమ్మ వందల యేండ్లకు పూర్వపు ప్రజాప్రభుత్వకాలపు నాణెమునుండి గ్రహించినది. 1868లో హెన్రీ కోహెన్ అను ఫ్రెంచి పండితుడు వానిని ఆధునికపు మోసములని త్రోసివేసెను. 2022లో గ్లాస్గో విశ్వవిద్యాలయపు హంటేరియన్ ప్రదర్శనశాలలోని నాణెమును సూక్ష్మదర్శినులతో పరిశీలించినవారు, దానిమీది అరుగుదలను, కరడుకట్టిన మట్టిని చూపి, అది ప్రాచీనమే కావచ్చుననిరి. నాణెశాస్త్రజ్ఞులలో పలువురు ఆ వాదమును అంగీకరింపలేదు. పోతపనియు, లేఖనమును, లోహమును రోమను సంప్రదాయమునకు సరిపడవనిరి. యంత్రములు క్రొత్తవైనను, వాదము నడచుచున్నది ఎఖెల్ చూపిన ఆ రెండు మెట్లమీదనే: లోహమేమి చెప్పుచున్నది? లేఖనమేమి చెప్పుచున్నది? రెండును ఒక్కమాట చెప్పుచున్నవా?

ఈ కథ తెలుగువారికి పరాయిది కాదు. సంస్కృతమునను తెలుగునను వాడుకలోనున్న దీనారమను మాట రోమను దెనారియస్ నుండియే పుట్టినది. ఎఖెల్ వియన్నాలో నాణెములను పరీక్షించుచున్న కాలముననే, 1786లో, నెల్లూరు సమీపమున ఒక రైతు పొలము దున్నుచుండగా నాగలికి పాత కట్టడపు శిథిలములు తగిలెను. ఆ తావున నొక కుండ, అందు రోమను బంగారు నాణెములు! ట్రాజను, హాడ్రియను, ఫౌస్తీనా అనువారి ముఖములు వానిపై నుండెను. ఆ రైతునకు అవి బంగారము మాత్రమే. వానిలో పెక్కు అమ్ముడై, కరగి, రూపుమాసెను. మిగిలిన కొన్నింటిని చూచి చెన్నపట్టణపు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వ్రాసిన లేఖ కలకత్తాలోని ఆసియా సంఘపు పరిశోధన సంపుటములలో ప్రకటింపబడుటచేత ఆ వార్తయైనను మనకు దక్కినది. పిమ్మటి కాలమున నాగార్జునకొండలో రోమను బంగారు నాణెములును, నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో వెండి దెనారియముల రాశియు బయటపడెను. రోమను నాణెములను అనుకరించి మనదేశపు పనివారు చేసిన బంగారు బిళ్ళలును దక్షిణాపథమున దొరకినవి. అక్షరములు తెలియని చేయి ఆ అక్షరములను గీతలుగా మార్చినది. ఆభరణములుగా ధరించుటకు కొన్నింటికి రంధ్రములు, కొక్కెములు నుండును. అవి మోసములు కావు. రెండు దేశముల పరిచయమునకు గుర్తులు. ఎఖెల్ నేర్పిన వివేకము లేనిచో అట్టివానిని మోసములని పారవైచుటయో, రోమునుండి వచ్చినవని పొరబడుటయో జరుగును.

కరగిపోయిన నెల్లూరు నాణెములను ఇక ఏ పండితుడును చదువజాలడు. నేటికిని మన పొలములలో నాగలికో, పునాదులు త్రవ్వువాని గునపమునకో ఇట్టి కుండలు తగులుచునే యున్నవి. ఊరిలో మొదట వానిని చూచువారిలో పాఠశాల ఉపాధ్యాయుడొకడు. ఆతడు చేయవలసినది స్వల్పము: కరగనీయకుండుట, తోమనీయకుండుట, దొరకిన తావును, దొరకిన తీరును వ్రాసియుంచి ప్రభుత్వ పురావస్తుశాఖకు తెలియజేయుట. చిలుమును తోమివేసినచో లోహపు సాక్ష్యము పోవును. తావును మరచినచో చరిత్ర సాక్ష్యము పోవును. తక్కినది శాస్త్రము చూచుకొనును. ఆ శాస్త్రమును కూర్చినవాడును ఒకప్పుడు పట్టణపు పాఠశాలలో పిల్లలకు పద్యములు చెప్పిన ఉపాధ్యాయుడే.